తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్లకి

యాక్సిడెంట్‌లో తలకు పెద్ద దెబ్బ తగిలి, ఐసీయూలో నెట్టుకొచ్చి, ఇంకా పూర్తిగా స్పృహ రాకుండానే ఇంటికొస్తున్న మనిషి కోసం ముందు నేర్చుకోవాల్సినవి రెండు: ట్యూబ్‌లో ఆహారం పోయడం, పక్క మార్చడం. డిశ్చార్జ్ రోజు హడావిడిలో చెప్పేవి బుర్రకెక్కవు, అందుకే అంతకు ముందే వార్డులో నర్సు ఎదురుగా మీ చేత్తో చేసి చూపించండి.

ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ ఉంటే, పోసే ప్రతిసారీ ముక్కు దగ్గర ట్యూబ్ మీద వేసిన గుర్తు అక్కడే ఉందో లేదో చూడండి. జరిగిందని అనుమానం వస్తే చుక్క నీళ్లు కూడా పోయకుండా నర్సుని పిలిపించండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. రాగిజావైనా పప్పుకట్టైనా మెత్తగా చేసి పల్చటి గుడ్డలో వడకట్టాలి, లేదంటే ట్యూబ్ పూడుకుపోతుంది. సిరంజి లోపలి కాడ తీసేసి పైకెత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగుతుంది, టైమ్ లేదని నెట్టొద్దు. అయ్యాక నీళ్లు పోసి ట్యూబ్ కడగండి, కనీసం అరగంట, వీలైతే గంటసేపు తల వైపు ఎత్తు దించకండి. మధ్యలో దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే ఆపండి, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. "పాపం, ఒక్క స్పూన్ కాఫీ నోట్లో పోయండమ్మా" అని చుట్టాలు ప్రేమతోనే అంటారు, కానీ మింగగలరని డాక్టరో స్పీచ్ థెరపిస్టో చూసి చెప్పేదాకా ఒప్పుకోవద్దు.

ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని పక్క మార్చడం మానొద్దు, రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. లాగితే చర్మం లేస్తుంది, ఇద్దరు కలిసి కింద పరిచిన దుప్పటితో ఎత్తి జరపండి. స్నానం చేయించేటప్పుడు నడుము కింద, తుంటి, మడమలు, చెవుల వెనక చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు తగ్గకపోతే అక్కడ పుండు మొదలవుతున్నట్టే, ఆ చోట రుద్దకండి, బరువు పడనివ్వకండి.

ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

పేరు పెట్టి పిలుస్తూ, ఏం చేయబోతున్నారో చెప్పి చేయండి. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, టీవీ ఆపేసి. కళ్లతో వెతికినా, వేలు కదిపినా ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి.

రాత్రి డ్యూటీ ఒక్కరి మీదే వేయకండి, నిద్ర లేని చేతులకు మందు డోసు తప్పుతుంది. చూడ్డానికొచ్చి "ఏమైనా కావాలా" అనే బంధువుని పళ్లు వద్దని చెప్పి, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు మంచం పక్కన కూర్చోమని అడగండి.