బందరు డచ్చి సమాధిరాళ్లు చదవడం ఎలా

ముందు నాలుగు తేదీలు దగ్గర పెట్టుకోండి. గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో, అంటే బందరులో, డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో కోఠీలు (వర్తక స్థావరాలు) తెరిచారు. 1759లో ఇక్కడి కోట ఫ్రెంచివాళ్ల చేజారి ఇంగ్లీషువాళ్లకు దక్కింది. 1864 తుపాను వేలమందిని పొట్టన పెట్టుకుంది.

సమాధుల దగ్గరికి పొద్దున్నే, లేదా సాయంత్రం వెళ్లండి. ఏటవాలు ఎండలోనే చెక్కిన అక్షరాలకు నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఫోటోల్లో రాయి బోసిగా వస్తుంది. అక్షరాలు తేలాలని సుద్ద రుద్దకండి, నీళ్లు పోయకండి. రాయి పాడవుతుంది.

రాళ్ల మీది ‘హీర్ లెయిట్ బెగ్రావెన్’ అంటే డచ్చిలో ఇక్కడ పాతిపెట్టబడ్డాడని. ‘ఆన్నో’ తర్వాతది సంవత్సరం. ‘ఔట్’ పక్కన ఉన్నది వయసు, దాన్ని తేదీగా రాసుకుంటే లెక్కంతా తారుమారు. ‘యు’ ఉండాల్సిన చోట ‘వి’ చెక్కడం అప్పట్లో మామూలే.

పేరు దొరికాక పాత దస్తావేజుల్లో వెతకాలి. అక్కడ ఊరిని మసూలీపటం, మసూలీపట్నం, మచిలీబందర్ అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఒక్క రూపంతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకునేవాళ్లే ఎక్కువ. మూడింటితోనూ చూడండి.

తిరుగుదారిలో పెడన వెళ్తే, ఈ రేవు ఓడలకెక్కించిన సరుకుల్లో ఒకటైన కలంకారీ అద్దకం ఇంకా నడుస్తూ కనిపిస్తుంది.