పాత రంపపు బల్లను మళ్ళీ తిప్పే ముందు

సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో, గ్లాస్టర్‌షైర్ పల్లెల్లో పొయ్యి కట్టెల హడావిడి మొదలవుతుంది. షెడ్లలో ఏళ్ళ తరబడి దుమ్ముకొట్టుకుపోయిన రంపపు బల్లలు కూడా అప్పుడే బయటికొస్తాయి. రెండు చక్రాల బండి, దాని మీద ఇనప బల్ల, బల్ల మధ్య సందులోంచి సగం పైకి లేచిన గుండ్రటి రంపం, పక్కన బెల్టు పుల్లీ. అంతే సరంజామా. ట్రాక్టరుకో ఆయిలింజనుకో బెల్టు తగిలించి, చెట్టు పడిన చోటే దుంగలు కోసుకునేవాళ్ళు. పక్కింటి పెద్దాయనా నేనూ కలిసి రెండు చలికాలాలు తంటాలు పడి అలాంటిదొకటి బాగుచేశాం. ఫొటో చూసి మనవాళ్ళు నలుగురు ఫోన్ చేశారు. వాళ్ళలో ఒకాయన అప్పటికే పొలం వేలంలో ఒక బల్ల కొనేశాడు. ఆయన మొదటి ప్రశ్న: "అన్నా, ఇంకా రెడాక్సైడే ఉందేంటి, ఏ రంగు వేస్తున్నావు?"

ఆ ప్రశ్న వల్లే ఇది రాస్తున్నాను. తుప్పు పట్టిన యంత్రం దగ్గరికి మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెళ్తాడు. నిగనిగలాడే రంగు పడ్డాక ఆ బెరుకు పోతుంది. లోపల బేరింగు మాత్రం పాతదే, రంపంలో పగులుంటే అదీ అలాగే ఉంటుంది. అందుకే నా లెక్కలో రంగు ఆఖరి పని. చాలామంది దాన్నే మొదట చేస్తారు.

ముందు లేని ముక్కలు వెతకండి

మా బల్ల దొరికినప్పుడు రంపం ఉంది, పుల్లీలు ఉన్నాయి, చక్రాలు కూడా ఉన్నాయి. లేనివి రెండే: రంపం మీద ఉండాల్సిన మూత, రంపం వెనక నిలబడాల్సిన ఇనప రేకు. అడ్డమొస్తున్నాయని ఏ కాలంలోనో ఎవరో విప్పి పారేసి ఉంటారు. ఇలా దొరికే పాత బల్లల్లో ఎక్కువ భాగం ఇంతే.

ఆ రేకును ఇక్కడ రైవింగ్ నైఫ్ అంటారు. పేరుకి కత్తి, దానికి పదునుండదు. దాని పని తెలియాలంటే కొయ్య సంగతి తెలియాలి. చెట్టుగా ఉన్నప్పుడు గాలికీ వాలుకీ వంగి వంగి దుంగ లోపల బిగువు దాగి ఉంటుంది. రంపం చీల్చుకుంటూ పోతుంటే ఆ బిగువు సడలి, కోసిన రెండు పలకలూ వెనక మళ్ళీ దగ్గరికొచ్చి రంపాన్ని పట్టేస్తాయి. మీ వైపు పళ్ళు కిందికి దిగుతుంటాయి, వెనక పళ్ళు పైకి లేస్తుంటాయి. పట్టేసిన కొయ్యను ఆ వెనక పళ్ళు ఎత్తి మీ పొట్ట మీదికి విసురుతాయి. చెయ్యి తీసుకునే టైము ఉండదు. రేకు ఆ రెండు పలకల మధ్య నిలబడి వాటిని కలవనివ్వదు.

కొలతలు రాసి పెట్టుకోండి. రేకు మందం రంపం రేకు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, రంపం చేసే గాడి వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. బల్ల మట్టం దగ్గర రేకుకీ రంపం పళ్ళకీ మధ్య ఖాళీ 8 మిల్లీమీటర్లు దాటకూడదు. రంపం అడ్డకొలత 600 మిల్లీమీటర్లు, అంతకు పైన అయితే రేకు బల్ల మీద కనీసం 225 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్న రంపమైతే రంపం నెత్తికి 25 మిల్లీమీటర్ల లోపు దాకా రావాలి. మాది 24 అంగుళాలది, అంటే 610 మిల్లీమీటర్లు. రేకు చేయించి బిగించడానికే మూడు వారాలు పట్టింది. రంపం మార్చినప్పుడల్లా దీన్ని కూడా సరిచూసుకోవాలి. కొత్త రంపం సన్నదైతే పాత రేకు గాడిలో దూరదు.

మూత గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అది లేకుండా ఇంజను స్టార్ట్ చేయకండి.

పుల్లీ లెక్క

రంపానికి ఒక స్పీడుంటుంది. కొయ్యను నిలువునా చీల్చే రంపానికి ఇక్కడి పాతవాళ్ళు వాడే లెక్క: 36,000ని రంపం అడ్డకొలత అంగుళాలతో భాగించండి. 24 అంగుళాలకి నిమిషానికి 1,500 చుట్లు, 30 అంగుళాలకి 1,200. ఆ వేగంలో పళ్ళ అంచు గంటకి 170 కిలోమీటర్ల చొప్పున పోతుంది.

మా ఇంజను లిస్టర్ సీఎస్ రకం. దాన్ని చేసిన డర్స్‌లీ ఊరు మాకు దగ్గరే. 1929లో మొదలైన ఈ ఇంజనే గుజరాత్‌లో రాజ్‌కోట్ ఫౌండ్రీల్లో అచ్చు దిగి మన పొలాల్లో నీళ్ళు తోడింది. ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు. టకటకమని అది కొట్టే దెబ్బ ఇక్కడ మొదటిసారి విన్నప్పుడు మా తాతయ్య బోరు కొట్టం గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇంజను పుల్లీ 16 అంగుళాలు, రంపం పుల్లీ 7. 650ని 16తో హెచ్చించి 7తో భాగిస్తే 1,486. సరిపోయింది.

ఇప్పుడు ఇంజనెందుకని ఎవరో నిమిషానికి 1,440 తిరిగే కరెంటు మోటారు పెట్టి, ఇంట్లో పడున్న 12 అంగుళాల పుల్లీ తగిలించారనుకోండి. రంపం నిమిషానికి 2,470 చుట్లు దాకా తిరుగుతుంది, అంచు వేగం గంటకి 280 కిలోమీటర్లు దాటుతుంది. చూడ్డానికి అదే బల్ల, అదే రంపం. పాత యంత్రాల్లో ఇంజను మారడం మామూలే కాబట్టి ఇంతకుముందు వాడినవాళ్ళు పెట్టిన పుల్లీని నమ్మకండి. టేపు పెట్టి కొలిచి, కాగితం మీద లెక్క వేసుకోండి.

ఇంకో మాట. పెద్ద రంపాలను అవి తిరిగే స్పీడుని బట్టి సుత్తితో కొట్టి తయారుచేస్తారు. వేగంగా తిరిగేటప్పుడు అంచు సాగుతుంది కాబట్టి నడిమి భాగాన్ని ముందే కొంచెం వదులు చేస్తారు. ఆగి ఉన్నప్పుడు కాస్త లొటలొటగా అనిపించే రంపం తన స్పీడు అందుకున్నాక నిటారుగా నిలబడుతుంది. వేరే స్పీడులో తిప్పితే వంకర్లు పోతుంది. ఈ పని చేసేవాణ్ణి ఇక్కడ సా డాక్టర్ అంటారు. పాత రంపాన్ని ఒకసారి ఆయనకి చూపించడానికయ్యే ఖర్చుకి వెనకాడకండి.

ఆయన దగ్గరికి తీసుకెళ్ళే ముందు మీరే చూడగలిగే పరీక్ష ఒకటుంది. తుప్పు తీసి, పళ్ళ మధ్య లోతుల్లో కిరసనాయిలు పూసి, పది నిమిషాలాగి శుభ్రంగా తుడిచి, సుద్దముక్క పొడి చల్లండి. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు ఊరి సుద్ద మీద సన్నటి తడి గీత తేలుతుంది. మా బల్లతో వచ్చిన రంపంలో పంటి మూలన గోరంత గీత తేలింది. రంపాన్ని కర్రకి వేలాడదీసి చెక్క సుత్తితో తట్టి చూస్తే ఖంగుమనలేదు, డొక్కు గిన్నెలా మోగింది. ఇప్పుడది గోడకి గడియారంగా వేలాడుతోంది.

బెల్టు ఎటు తిరుగుతోంది?

నా తప్పొకటి చెప్పాలి. మొదటిసారి బెల్టు వేసినప్పుడు ఇద్దరం సంబరంలో ఉన్నాం. అదృష్టం, బల్ల మీద కొయ్య పెట్టలేదు. ఇంజను పట్టుకుంది, రంపం తిరిగింది, పెద్దాయన చప్పట్లు కొట్టాడు. అప్పుడు చూస్తే నా వైపు పళ్ళు పైకి లేస్తున్నాయి. రంపం వెనక్కి తిరుగుతోంది. ఆపి చూసేసరికి రంపాన్ని పట్టి ఉంచే నట్టు పావు చుట్టు వదులైంది. ఆ నట్టు మరలు రంపం సరైన దిశలో తిరిగినప్పుడే బిగిసేలా ఉంటాయి. తిరగబడితే విప్పుకోవడం మొదలుపెడుతుంది. ఇంకాస్సేపు నడిచి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రి పడుకున్నాక తలుచుకున్నాను.

అడ్డంగా ఎనిమిది అంకెలా తిప్పి బెల్టు వేస్తే దిశ మారుతుంది. ఇప్పుడు రంపం మీద సుద్దతో బాణం గీసి, బెల్టు తగిలించాక ఫ్లైవీలుని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే ఇంజను స్టార్ట్ చేసే హ్యాండిల్ పట్టుకుంటున్నాం.

హ్యాండిల్ అనగానే తాతయ్య దెబ్బ గుర్తొస్తుంది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ మడిచి పట్టుకుంటే నెత్తిన ఒక మొట్టికాయ పడేది. "వేలు ఇటు పెట్టు, మణికట్టు విరుగుతుందిరా" అనేవాడు. ఇంజను ఎదురు తన్నితే వేళ్ళన్నీ ఒక పక్కనుంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. బొటనవేలు అవతలుంటే చెయ్యి కూడా దానితో పోతుంది.

బెల్టు లాగుడుకి బండి మెల్లగా ఇంజను వైపు జరుగుతుంది. రబ్బరు చక్రాల మీద వదిలేయకండి. నాలుగు మూలలా జాకీలు దించి, చక్రాలకి అడ్డంగా నేలలో కొయ్య మేకులు కొట్టండి. రంపం పక్కన రెండు పుల్లీలుంటే, ఒకటి ఖాళీగా తిరిగేది. రంపాన్ని ఆపాలంటే బెల్టుని దాని మీదికి జరపాలి. ఆ జరిపే లివరుకి పిన్ను ఉండి తీరాలి. లేకపోతే మీరు బల్ల మీద వంగి చెత్త తీస్తుండగా బెల్టు తనంతట తానే మళ్ళీ పని పుల్లీ మీదికి పాకుతుంది.

బాగుచేసేటప్పుడు

దశాబ్దాల నాటి రంగులో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇక్కడ అలాంటి రంగుల అమ్మకం 1992 దాకా ఆగలేదు. పొడిగా గీకకండి, గ్రైండరు అసలు పెట్టకండి. తడిపి గీకి, ఆ చెత్తని విడిగా సంచిలో కట్టండి. మాస్కు సన్నటి దుమ్మును కూడా ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం కావాలి. గుడ్డ కట్టుకుంటే సరిపోదు. సైలెన్సరుకి చుట్టిన తెల్లటి పీచు తాళ్ళు కనిపిస్తే ముట్టుకోకుండా ఆగండి, అది ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే.

ఖాళీ పెట్రోలు ట్యాంకుకి వెల్డింగు పెట్టకండి. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఉండదు, దాని ఆవిరి ఉంటుంది. పేలేది ఆ ఆవిరే.

బ్యాబిట్ బేరింగులు, అంటే మెత్తటి లోహాన్ని కరిగించి పోసే పాతరకం బేరింగులు, మళ్ళీ పోయాలనుకునే ధైర్యవంతులకి: అచ్చులో, గరిటెలో, చివరికి మీ చొక్కా చేతి మీద కూడా తేమ చుక్క ఉండకూడదు. కరిగిన లోహం కిందికి నీటి చుక్క వెళ్తే అది ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. మాకు ఆ ధైర్యం చాలక బయట చేయించాం.

కోత రోజు

తొందరపడాల్సిన పని లేదు. ఈ సెప్టెంబరులో కోసిన పచ్చి కట్టె ఈ చలికాలానికి ఎలాగూ పనికిరాదు. 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనమీటర్లకన్నా తక్కువ మోతాదులో అమ్మే కట్టెలో తేమ 20 శాతం దాటకూడదు. అంత ఆరడానికి ఏడాది, ఓక్‌కి రెండేళ్ళు పట్టొచ్చు. కాబట్టి చీకటి పడుతోందని ఆఖరి నాలుగు దుంగలు గబగబా కోసేయాల్సిన అవసరమే లేదు.

దుంగని కోయకముందు చూడండి. ఇక్కడ గట్ల మీది చెట్లు ముళ్ళ కంచె తీగల్ని బెరడు లోపలికి మింగేసి ఉంటాయి. ఓక్ కోసిన మొనలో నీలి నలుపు మరక కనిపిస్తే అందులో ఎక్కడో ఇనుముంది. చెక్కలోని వగరు ఇనుముతో కలిస్తే ఆ రంగొస్తుంది. మన ఊళ్ళో తుమ్మ మొద్దులో గేదెను కట్టేసిన మేకు చుట్టూ ఉండే మరక చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. అలాంటి మొద్దుని పక్కకి దొర్లించేయండి.

గుండ్రటి కొయ్యను చేత్తో పట్టుకుని అడ్డంగా కోయకండి. పళ్ళు తగలగానే అది దొర్లుతుంది, చేతిని కూడా లాక్కుపోతుంది. వీ ఆకారపు ఊయల లాంటి తొట్టిలో పెట్టి నెట్టాలి.

చేతి తొడుగులు వద్దు. చలిగా ఉందని వేసుకుంటారు, పన్ను గుడ్డని పట్టుకుంటే వేలితోపాటు లోపలికెళ్తుంది. మఫ్లరు, చున్నీ, వేలాడే చొక్కా చేతులు, అన్నీ ఇంట్లోనే. చెవులకి మాత్రం తప్పకుండా కవచాలు పెట్టుకోండి. పెట్టుకుంటే అరుపు వినపడదు కాబట్టి ముందే ఒక సైగ అనుకోండి. మాది రెండు చేతులూ తలమీద పెట్టుకోవడం. అది కనిపించగానే ఇంజను దగ్గరున్నవాడు ఎందుకని అడగకుండా ఆపేస్తాడు.

రంపానికి సూటిగా నిలబడకండి, ఒక పక్కకి ఉండండి. ఆఖరి 300 మిల్లీమీటర్లు చేత్తో నెట్టొద్దు. కనీసం 450 మిల్లీమీటర్ల పొడవున్న తోపుడు కర్ర వాడండి. అది వెతుక్కోకుండా బల్లకే వేలాడాలి. ఇంజను ఆపాక కూడా ఆ బరువైన ఫ్లైవీళ్ళు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. పొట్టు ఎత్తడానికీ ఇరుక్కున్న చెక్క తీయడానికీ పూర్తిగా ఆగేదాకా చేతులు జేబులో పెట్టుకోండి. పక్కనుంచి చెక్క ఆనించి రంపాన్ని ఆపే పాత అలవాటు కొందరికుంది, రంపం వంగిపోతుంది. పొట్టు గుట్ట ఇంజను పొగగొట్టం వైపు లేకుండా చూసుకోండి, పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టండి.

పిల్లలూ కుక్కా గేటు అవతల. చూడ్డానికొచ్చిన బంధువులు కూడా అక్కడే. ఇక జీతమిచ్చి ఎవరినైనా ఈ బల్ల దగ్గర పనికి పెడితే మాత్రం సరదా కథ ముగిసినట్టే, 1998 నాటి పని యంత్రాల నిబంధనలు మొత్తం మీకు వర్తిస్తాయి.

రంగు అడిగినాయనకి ఈ కొలతలన్నీ ఫోన్లోనే రాయించాను. వాళ్ళ బల్లకి కూడా రేకు లేదట, వచ్చే శనివారం కొలుస్తానన్నాడు. మా బల్ల ఇంకా రెడాక్సైడ్ మీదే ఉంది. వేసవికి ఆకుపచ్చ వేద్దామని పెద్దాయన, ముదురు నీలం వేద్దామని నేను.