గొడవ రాకుండా ఎనభైల సినిమా క్విజ్ పెట్టడం ఎలా

ఉగాదికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, దీపావళికి విదేశాల్లోని తెలుగు సంఘం హాల్లోనో ఎనభైల సినిమా క్విజ్ అంటే జనం కుర్చీలు ముందుకు లాక్కుని కూర్చుంటారు. అందరికీ ఎంతో కొంత తెలిసిన విషయం కదా. ఇలాంటి క్విజ్ చెడేది ప్రశ్న కష్టమైనందుకు కాదు, ఒక ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఉన్నందుకు. ఒక్కసారి వాదన మొదలైతే పావుగంట పోతుంది, ఆ తర్వాత ఏ జవాబు చెప్పినా ఎవరూ నమ్మరు. కాబట్టి తయారీలో సగానికి పైగా సమయం ప్రశ్నల్ని వెతకడానికి కాకుండా, రాసుకున్న ప్రశ్నల్ని గట్టిపరచడానికి పెట్టండి.

ముందు లెక్క చూసుకుందాం. జట్టుకు నలుగురు చొప్పున ఐదు జట్లు, నలభై ప్రశ్నలు, గంటన్నర. ప్రశ్న చదవడం, ఆలోచించడం, పక్క జట్టుకు పాస్ అవడం, జవాబు చెప్పడం అన్నీ కలిపి ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది. అంటే ఎనభై నిమిషాలు, మార్కులు చదవడానికి ఇంకో పది. సినిమాకు పదిహేను, పాటలకు పది, టీవీకి ఐదు, ఇంటిపేర్లకు ఐదు, లంకె ప్రశ్నలకు (రెండు విషయాలను కలిపేది ఏమిటో అడిగేవి) ఐదు పెట్టుకోండి. ప్రతి రౌండ్‌లోనూ ప్రశ్నలు జట్ల సంఖ్యకు సరిగ్గా భాగం పోవాలి. లేకపోతే ఒక జట్టుకు ఒక ప్రశ్న ఎక్కువ వెళ్తుంది, చివర్లో ఐదు మార్కుల తేడాతో ఓడినవాళ్లు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. వీటికి తోడు ఐదు అదనపు ప్రశ్నలు, ఐదు టై బ్రేకర్లు దగ్గర ఉంచుకోండి.

దశాబ్దం గట్టు ఎక్కడ

ఎనభైలు అంటే 1980 జనవరి 1 నుంచి 1989 డిసెంబరు 31 వరకు విడుదలైనవి అని మొదట్లోనే మైకులో చెప్పేయండి. జ్ఞాపకం ఈ గట్టును ఇట్టే దాటేస్తుంది. ‘మరో చరిత్ర’ 1978ది, ‘వేటగాడు’ 1979ది. అటు చివర ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న వచ్చింది, ‘ఆదిత్య 369’ 1991లో. ఈ నాలుగూ ఎనభైలవే అని ఒట్టేసి చెప్పేవాళ్లు ప్రతి హాల్లోనూ ఉంటారు. ప్రశ్నలు రాసేవాళ్లు కూడా ఇక్కడే జారిపడతారు.

అన్నిటికంటే చిక్కు ‘శంకరాభరణం’తో. సినిమా థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరి 2న, జాతీయ అవార్డులు వచ్చింది మాత్రం 1979 సంవత్సరానికి. కారణం చిన్నదే. జాతీయ అవార్డులకు లెక్కలోకి వచ్చేది సెన్సార్ సర్టిఫికెట్ పొందిన సంవత్సరం, విడుదల తేదీతో పనిలేదు. డిసెంబరులో సెన్సారై ఫిబ్రవరిలో విడుదలైన ఏ సినిమాకైనా ఇలా రెండు సంవత్సరాలు ఉంటాయి. అందుకే ‘ఏ సంవత్సరం సినిమా’ అని అడగవద్దు. తప్పదనుకుంటే ‘ఏ సంవత్సరం విడుదలైంది’ అనండి. ఆ ఒక్క మాటతో వాదన ఆగిపోతుంది.

రెండు జవాబుల ప్రశ్నను బాగుచేయడం

ఒక ప్రశ్న చూడండి: ‘సంగీత దర్శకుడికి, గాయకుడికి, గాయనికి ముగ్గురికీ జాతీయ అవార్డు తెచ్చిపెట్టిన తెలుగు సినిమా ఏది?’ వినడానికి చక్కగా ఉంది. రాసినవారి మనసులో ‘శంకరాభరణం’ ఉంది: కె.వి. మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం. కానీ ‘మేఘసందేశం’ సంగతి? 1982 సంవత్సరానికి రమేశ్ నాయుడు, ఏసుదాసు, సుశీల ముగ్గురూ ఆ ఒక్క సినిమాకే అందుకున్నారు. రెండు జవాబులూ సరైనవే.

దీన్ని మూడు రకాలుగా బాగుచేయవచ్చు. ప్రశ్నలోనే ‘మేఘసందేశం’ దర్శకుడు దాసరి నారాయణరావు పేరు పెడితే ఒక్క జవాబే మిగులుతుంది, కాకపోతే మరీ సులువైపోతుంది. ‘ఈ ఘనత రెండు సినిమాలది, ఒకటి శంకరాభరణం, రెండోది ఏది’ అని అడిగితే అంతకంటే మేలు. ‘రెండూ చెప్పండి, ఒక్కోదానికి ఐదు మార్కులు’ అంటే అన్నిటికంటే మేలు. తెలిసినవారికి తెలిసినంత దక్కుతుంది, సగం తెలిసినవారూ ఖాళీ చేతులతో కూర్చోరు. బాలు ప్రశ్ననూ ఇలాగే మలచుకోవచ్చు. ‘శంకరాభరణం’ కాక, 1980 నుంచి 1989 దాకా సినిమాలకు ఆయన అందుకున్న జాతీయ అవార్డులు మూడు: హిందీ ‘ఏక్ దూజే కే లియే’ (1981), ‘సాగరసంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988). హిందీ సినిమా దగ్గర చాలామంది ఆగిపోతారు. అది ‘మరో చరిత్ర’కు హిందీ రూపం అని క్లూ ఇస్తే వెంటనే అందుకుంటారు.

‘మొదటి’ అనే మాట కనిపిస్తే పెన్ను పక్కన పెట్టి ఇంకోసారి ఆలోచించండి. ‘సిరివెన్నెల సీతారామశాస్త్రి మొదటి సినిమా’ అని అడిగితే అందరూ 1986 నాటి ‘సిరివెన్నెల’ అంటారు. కానీ ఆయన పాట అంతకుముందే, 1984లో ‘జననీ జన్మభూమి’లో వచ్చింది. ‘ఏ సినిమా పేరు ఆయనకు ఇంటిపేరైంది’ అని అడిగితే ఏ తంటా లేదు. ‘సింహాసనం’ (1986) గురించి తొలి తెలుగు 70 ఎం.ఎం. సినిమా అని అడగవచ్చు, నిలబడుతుంది. అయినా దానికి ఇంకో రెండు ఆనవాళ్లు జోడించండి: కృష్ణ దర్శకుడిగా తొలి సినిమా, సంగీతం బప్పీ లహిరి. ‘మొదటి’ మీద ఎవరైనా పేచీ పెట్టినా మిగతా రెండూ జవాబును పట్టి ఉంచుతాయి.

‘స్వాతిముత్యం’ మీద ప్రశ్న పెడితే మాట మరీ జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘ఆస్కార్‌కు వెళ్లిన తెలుగు సినిమా’ అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో ‘ఆర్ఆర్ఆర్’ అని అరుస్తారు, వాళ్ల తప్పేం లేదు. ‘మన దేశం తరఫున అధికారిక ఎంట్రీగా’ అన్న మాటలు ప్రశ్నలో ఉండి తీరాలి.

క్లూలు మెట్లలా దిగాలి

మంచి ప్రశ్నలో ఆనవాళ్లు కష్టమైనదానితో మొదలై సులువైనదానితో ముగుస్తాయి. ‘మయూరి’ని తీసుకోండి. మొదటి మెట్టు: 1985లో ఉషాకిరణ్ మూవీస్ తీసిన సినిమా, దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. రెండో మెట్టు: కథానాయిక తెర మీద నటించింది తన జీవితాన్నే. మూడో మెట్టు: జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం చేసింది. మొదటి మెట్టులో చెబితే పది, రెండో మెట్టులో ఆరు, మూడో మెట్టులో మూడు. జైపూర్ కాలు ముందే చెప్పేస్తే మిగతా రెండూ చదవాల్సిన పనే ఉండదు, హాలంతా సుధా చంద్రన్ పేరు చెప్పేస్తుంది.

ఇంటిపేర్ల రౌండ్

ఇది ఎనభైలకే ప్రత్యేకంగా కుదిరే రౌండ్, అందరికీ నచ్చుతుంది. సినిమా పేరు మనిషికి ఇంటిపేరుగా అతుక్కుపోవడం మన దగ్గర పాత అలవాటే, కానీ ఆ దశాబ్దంలో వరసగా జరిగింది. ‘శుభలేఖ’ (1982)తో సుధాకర్, ‘కళ్ళు’ (1988)తో చిదంబరం, ‘ఆహుతి’తో ప్రసాద్, ‘సిరివెన్నెల’తో సీతారామశాస్త్రి. మధ్యలో ఒక మెలిక వేయండి: వీరభద్రరావు, వేలుల పేర్ల ముందున్న ‘సుత్తి’ ఏ సినిమా నుంచి వచ్చింది? ఆ పేరుతో సినిమా లేదు. జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ (1982)లో ఆ మాట పుట్టి వాళ్లిద్దరికీ ఇంటిపేరైంది. షావుకారు జానకినీ, సాక్షి రంగారావునూ ఈ రౌండ్‌లోకి లాక్కురావద్దు. ‘షావుకారు’ 1950ది, ‘సాక్షి’ 1967ది.

టీవీ

టీవీ ప్రశ్నలు ఐదు చాలు. అప్పట్లో మన ఇళ్లలో ఉన్నది దూరదర్శన్ ఒక్కటే, పైగా ఏ తెలుగు కార్యక్రమం ఏ సంవత్సరం మొదలైందో రూఢి చేసుకోవడం చాలా కష్టం. గట్టిగా నిలబడేవి ఇవి: హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్, 1987 జనవరి 25న మొదలైన ‘రామాయణ్’, 1988 అక్టోబరు 2న మొదలైన ‘మహాభారత్’. దూరదర్శన్‌లో వచ్చిన జాతీయ సమైక్యతా గీతం ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ మీద అడిగితే ఒక్కటి గుర్తుంచుకోండి. బాలమురళీకృష్ణ మనవారే అయినా అందులో కనిపించేది తమిళ భాగంలో.

లంకె ప్రశ్నకు ఇక్కడ మంచి సరుకుంది. 1987లో మాటల్లేకుండా వచ్చిన ‘పుష్పక విమానం’కూ, 1986 నాటి టీవీ ధారావాహిక ‘మాల్గుడి డేస్’కూ లంకె ఏమిటి? రెండింటికీ సంగీతం ఎల్. వైద్యనాథన్.

పాట ముక్కలు కత్తిరించడం

పాటలు కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. గాయకుడి గొంతు రాకముందు ఉండే వాద్యాల భాగంలోంచి ఎనిమిది సెకన్లు తీయండి. ఐదైతే చాలామందికి అందదు, పన్నెండైతే అందరూ చెప్పేస్తారు. చివర అర సెకను మెల్లగా తగ్గించండి, లేకపోతే పుటుక్కున తెగినట్టుంటుంది. అన్ని ముక్కల శబ్దం ఒకే స్థాయికి తెచ్చుకోండి.

ఫైళ్లకు పాట పేరు పెట్టవద్దు. 01, 02 అని అంకెలే పెట్టండి. ప్లేయర్‌లో ఫైలు పేరు ప్రొజెక్టర్ మీద పెద్దక్షరాలతో పడి, పాట మొదలవకముందే జవాబు అందరికీ కనిపించడం తరచూ జరిగే తప్పు.

బ్లూటూత్ స్పీకర్‌తో ఇంకో తంటా. కాసేపు శబ్దం లేకపోతే అది నిద్రలోకి పోతుంది. మళ్లీ లేచేలోపు ముక్కలో మొదటి అర సెకను మింగేస్తుంది, పాటను పట్టిచ్చే తొలి స్వరం ఉండేది అక్కడే. తీగతో కలపండి. కుదరకపోతే ప్రతి ముక్కకూ ముందు రెండు సెకన్లు చాలా సన్నని హోరు చేర్చండి. పూర్తి నిశ్శబ్దం పెడితే కొన్ని స్పీకర్లు లేవవు.

పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటైతే వేగం చూసుకోండి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగితే నెమ్మదిస్తుంది, పాట శ్రుతి దిగిపోతుంది, పాట తెలిసినవారు కూడా ఒక క్షణం తడబడతారు. అదే పాట మంచి డిజిటల్ కాపీతో పక్కపక్కన పెట్టి వింటే తేడా వెంటనే తెలుస్తుంది. అలాగే యూట్యూబ్‌లో అసలు పాట పేరుతో తిరిగే రీరికార్డింగులు ఉంటాయి, వాటిని వాడవద్దు.

ఇళయరాజా పాటలకు ఒక నియమం పెట్టుకోండి. ‘సీతాకోకచిలుక’ (1981)కు తమిళంలో ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’ ఉంది, బాణీలు ఉమ్మడి. చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగినవారు ముందు తమిళ పేరే చెబుతారు. ‘తెలుగు సినిమా పేరు చెప్పాలి’ అని రౌండ్ మొదట్లోనే చెప్పండి. జానకికి జాతీయ అవార్డు తెచ్చిన ‘సితార’ పాట ‘వెన్నెల్లో గోదారి అందం’ లాంటివి రెండు మూడు ఉంటే రౌండ్ నిండుగా ఉంటుంది.

సరిచూసుకోవడం, చీటీ రాసుకోవడం

ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్న రెండు వెబ్‌సైట్లు రెండు సాక్ష్యాలు కావు, ఒక్కటే. ఆధారంగా నిలబడేవి సినిమా టైటిల్స్, మొదట్లో తెర మీద పడే సెన్సార్ సర్టిఫికెట్, అప్పట్లో థియేటర్ బయట అమ్మిన పాటల పుస్తకం, ఆ వారం దినపత్రికలోని ప్రకటన. గీతరచయిత ఎవరన్న ప్రశ్నకు పాటల పుస్తకాన్ని మించినది లేదు. ఒకే సినిమాకు ఇద్దరు ముగ్గురు పాటలు రాస్తే టైటిల్స్‌లో పేర్లన్నీ కలిపి వేస్తారు, ఏది ఎవరిదో అందులో తేలదు.

ప్రతి ప్రశ్నకూ ఒక చీటీ ఉండాలి. అందులో ప్రశ్న, జవాబు, ఒప్పుకునే ఇతర రూపాలు, ఆధారం రాసుకోండి. ‘పుష్పక విమానం’ అన్నా, కన్నడంలోలా ‘పుష్పక విమాన’ అన్నా, హిందీలోలా ‘పుష్పక్’ అన్నా ఒప్పుకుంటారో లేదో హాల్లో కాకుండా ఇంట్లోనే తేల్చుకోవాలి. చీటీలు పూర్తయ్యాక, క్విజ్‌లో ఆడని ఒక సినిమా పిచ్చి ఉన్నవారికి ఇచ్చి ‘ఇంకో జవాబు దొరుకుతుందేమో చూడండి’ అని అడగండి. నలభైలో మూడు నాలుగు పడిపోవడం మామూలే, అదనపు ఐదూ అందుకే.

టై బ్రేకర్‌కు అంకెల ప్రశ్నలు పెట్టండి. రెండు జట్లూ కాగితం మీద రాసిస్తాయి, దగ్గరగా వచ్చినవారు గెలుస్తారు. ‘రామాయణ్’ ఎన్ని భాగాలు? 78, లవకుశుల కథ విడిగా వచ్చింది కాబట్టి ఆ సంగతి ప్రశ్నలోనే చెప్పండి. ‘మహాభారత్’ 94. అవీ సరిపోకపోతే ఇంకొకటి: 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ వచ్చింది, 1989 అక్టోబరు 5న ‘శివ’ వచ్చింది. మధ్య ఎన్ని రోజులు? 3533.