అక్వేరియం వెనుక వరుసలో మొక్కలు పెంచడం ఎలా?

అక్వేరియం వెనుక గోడను పచ్చగా కప్పేయడానికి ఖరీదైన లైట్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు అక్కర్లేదు. తేలికగా బతికే మొక్కను తెచ్చి, సరైన లోతులో నాటి, నెల రోజులు దాని జోలికి పోకుండా ఉంటే చాలు. కష్టమంతా ఆ చివరి పనిలోనే ఉంది.

మొదటిసారి పెంచుతుంటే వాలిస్నేరియా తీసుకోండి. రిబ్బన్లలాంటి ఆకులు నీటి పైదాకా సాగుతాయి. జెయింట్ రకం మాత్రం వద్దు, దాని ఆకులు మీటరు దాటిపోతాయి. కాండంతో నిటారుగా పెరిగేవి కావాలంటే హైగ్రోఫిలా, లిమ్నోఫిలా ఉన్నాయి. హార్న్‌వర్ట్‌కు వేర్లే ఉండవు, నీళ్లలో వదిలేసినా పెరుగుతుంది. కానీ సూదుల్లాంటి ఆకులు రాల్చి ఫిల్టర్‌ను నింపేస్తుంది, అందుకే నేను పెట్టను.

అడుగున ఇసుకో సన్నని గులకరాళ్లో వెనుక వైపు 6, 7 సెంటీమీటర్ల మందాన పోసి, ముందుకు వాలుగా సర్దండి. వీటిలో పోషకాలు దాదాపు ఉండవు కాబట్టి వాలిస్నేరియా వేర్ల దగ్గర ఎరువు బిళ్ల ఒకటి గుచ్చండి.

ఇక నాటడం. వాలిస్నేరియాలో ఆకులూ వేర్లూ కలిసే తెల్లటి మొదలు ఇసుకలో కూరుకుపోతే కుళ్లిపోతుంది. కాస్త లోతుగా గుచ్చి, ఆ మొదలు బయటికి కనిపించేదాకా మెల్లగా పైకి లాగండి. కాండం మొక్కలు కట్టగా వస్తాయి. వాటిని అలాగే పాతేస్తే లోపలి కాడలకు వెలుతురు అందక ఆకులు రాలిపోతాయి. కట్టు విప్పి, కింది రెండు కణుపుల ఆకులు తుంచి, రెండు వేళ్ల ఎడంలో ఒక్కో కాడనూ విడిగా నాటండి. గోల్డ్‌ఫిష్ ఉంటే వేర్లు పట్టేలోపే పీకి పారేస్తాయి, జాగ్రత్త.

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. అంతకు మించితే మొక్కల కంటే నాచే ముందు పెరుగుతుంది.

మొదటి రెండు, మూడు వారాల్లో పాత ఆకులు పసుపుబారి, జావలా కరిగిపోవచ్చు. చచ్చిందనుకుని పీకేయకండి. కొత్త నీటికి అలవాటు పడుతోందంతే. కుళ్లిన ఆకులను మాత్రం కత్తిరించి తీసేయండి. బాగుచేద్దామని, కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా సీసాల్లో అమ్మే ద్రవరూప కార్బన్ మందు పోయడం ఇంకా పొరపాటు, వాలిస్నేరియాకు అది చాలాసార్లు పడదు.

కుదురుకున్నాక వాలిస్నేరియా ఇసుక మీదుగా తీగ పాకించి పిలకలు పెడుతుంది. పిలకకు నాలుగైదు ఆకులు వచ్చాకే తీగ తెంచి, ఖాళీ ఉన్నచోట నాటుకోండి. కాండం మొక్కలు నీటి మట్టాన్ని తాకగానే కణుపు పైన కత్తిరించండి. కింది మోడు కొత్త కొమ్మలు వేస్తుంది, కోసిన చివరను పక్కనే గుచ్చితే మరో మొక్క అవుతుంది. మిగిలిన ముక్కలను చెరువులోనో కాలువలోనో పారేయకండి. హైగ్రోఫిలా చిన్న ముక్క నుంచి కూడా మొలిచి అల్లుకుపోతుంది. ఎండబెట్టి చెత్తలో వేయండి.