కనురెప్పల దురద తగ్గాలంటే ఏం చేయాలి?

అన్నిటికన్నా ముందు, కళ్లు నులమడం ఆపండి. నులిమితే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది, కానీ అలర్జీ వల్ల వచ్చిన దురదైతే నులిమేకొద్దీ హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం ఇంకా విడుదలై దురద పెరుగుతుంది.

ఇప్పుడు మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, దురద సరిగ్గా ఎక్కడుందో చూసుకోండి. మందు దాన్నిబట్టే.

రెప్ప అంచున, వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు కనిపిస్తోందా, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతున్నాయా? అది బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచుల వాపు కావచ్చు. దీనికి వేడి కాపడమే అసలు వైద్యం. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండి, మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి, చల్లారితే మళ్లీ ముంచండి, ఎందుకంటే రెప్ప అంచుల్లోని నూనె గ్రంథుల్లో గడ్డకట్టింది కరగాలంటే ఆ వెచ్చదనం నిలవాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వేలితో సున్నితంగా నిమరండి. ఆపైన రెప్పలు శుభ్రం చేసే వైప్‌తో అంచు వెంబడి తుడవండి. రోజుకు రెండుసార్లు. నాలుగు రోజులు చేసి మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునేది.

అంచు బాగానే ఉండి, రెప్ప పైచర్మం ఎర్రబడి పొలుసులు లేస్తోందా? పడనిదేదో తగిలి ఉండొచ్చు. మస్కారా, క్రీమ్, షాంపూ, చివరికి కంటి చుక్కల మందు కూడా కావచ్చు. చాలామంది అనుమానించనిది నెయిల్ పాలిష్: గోళ్ల దగ్గర ఏమీ కాదు, ఆ వేళ్లు పలచటి రెప్పను తాకితే మాత్రం ఊరుకోదు. ఏళ్లుగా వాడుతున్నదే కదా అని వదిలేయకండి, ఇన్నాళ్లూ పడింది ఒక్కసారిగా పడకపోవడం మామూలే. రెండు మూడు వారాలు మస్కారా, క్రీమ్, నెయిల్ పాలిష్ లాంటివన్నీ ఆపి, ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడితే దొంగ దొరుకుతుంది.

రెండు కళ్లూ దురదపెట్టి నీళ్లు కారుతూ, తుమ్ములు కూడా ఉంటే పుప్పొడో దుమ్మో కారణం కావచ్చు. ఇక్కడ చల్లటి కాపడం, కృత్రిమ కన్నీటి చుక్కలు. తగ్గకపోతే ఓలోపటాడిన్ లాంటి అలర్జీ తగ్గించే చుక్కల గురించి డాక్టర్ని అడగండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి.

స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం సొంతంగా రాయొద్దు, రెప్పల మీద ఎక్కువ రోజులు వాడితే గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు), శుక్లాలు వచ్చే ప్రమాదముంది. నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, జ్వరంతో పాటు రెప్ప వాయడం, వీటిలో ఏది కనిపించినా కాపడాలతో కాలయాపన చేయకుండా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.