అటక మీది పింగాణీ ప్లేట్లు: ధర అడిగే ముందు తిరగేసి చూడండి

బరంపురం, పర్లాకిమిడి వైపు పాత తెలుగు ఇళ్ళల్లో అటక దులిపితే పింగాణీ సామాను ఎంతో కొంత దొరుకుతుంది, గోపాలపూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళొచ్చిన కుటుంబాలైతే మరీనూ. ఇల్లు పడగొట్టేటప్పుడు ఇవన్నీ కబాడీ బండి మీదకి గుత్తగా పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మొద్దని అనను, ఏం అమ్ముతున్నారో తెలుసుకుని అమ్మండి.

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది ఎనామెల్ పూసిన ఇనుము. మనం దాన్నీ పింగాణీ అనే అంటాం గానీ దాని లెక్క వేరు, కొనేవాళ్ళూ వేరు. అతుక్కోకపోతే చీకటి గదిలో ప్లేటు వెనక చెయ్యి పెట్టి, ఆ చేతి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. వేళ్ళ నీడ ఇవతలికి కనిపిస్తే పోర్సిలిన్ గానీ, ఎముకల బూడిద కలిపి చేసే బోన్ చైనా గానీ అయ్యుంటుంది. వెలుగు రాలేదని తీసిపారేయకండి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన నీలం బొమ్మల ప్లేట్లు చాలామటుకు వెలుగు దూరని మట్టితో చేసినవే.

అసలు సంగతి వెనక వైపు ఉంటుంది. మెత్తటి గుడ్డతో, సబ్బు నీళ్ళతో తుడవండి చాలు. బంగారు అంచు ఉంటే పీచు, తోముడు పౌడర్ దగ్గరికి రానివ్వద్దు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసింది. ఆ దెబ్బతో ఫ్యాక్టరీలు ముద్రలో దేశం పేరు వేయడం మొదలుపెట్టాయి. అందుకే ‘ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే దాదాపుగా 20వ శతాబ్దానిది. ఇంగ్లండ్ సరుకు మీద డైమండ్ ఆకారపు ముద్ర 1842 నుంచి 1883 దాకా అక్కడ నమోదైన డిజైన్లది, 1884 నుంచి ‘ఆర్‌డి’ (Rd, అంటే రిజిస్టర్డ్) నంబర్లు వచ్చాయి. అయితే అవి చెప్పేది డిజైన్ నమోదైన కాలం, ప్లేటు ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా తయారై ఉండొచ్చు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1952 లోపు. ‘డిష్‌వాషర్ సేఫ్’ అని ఉంటే అది ముత్తాతగారి కాలంది కాదు.

ముందువైపు బొమ్మని ఒక్కదాన్నే నమ్ముకోకండి. వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు ఉండే విల్లో డిజైన్ 1790ల నుంచి ఇప్పటిదాకా అచ్చవుతూనే ఉంది. అంచు చుట్టూ ఉన్న తీగని భూతద్దంతో నెమ్మదిగా చూసుకుంటూ వెళ్ళండి: ఒకచోట పువ్వు సగంలో తెగిపోయి, పక్కన ఇంకో రేకు కలవకుండా మొదలైతే, బొమ్మని కాగితం మీద అచ్చేసి, ఆ కాగితాన్ని ప్లేటుకి చేత్తో అతికించిన చోటు అదే. అది లోపం కాదు, పాత పనికి మంచి గుర్తు.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే కథ రాసి పెట్టుకోండి, కానీ ముద్రతో సరిపోల్చుకోండి. 1942లో బర్మా నుంచి కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన వాళ్ళు డిన్నర్ సెట్టు మోసుకొచ్చి ఉంటారనుకోవడం కష్టం, అంతకుముందు ఓడలో వచ్చిన సామాను అయ్యుండొచ్చు.

ఇక ధర. పాతది కాబట్టి ఖరీదైనదని లెక్కేసుకోవద్దు. నిండు సెట్టుకి, ముఖ్యంగా మూత పోని పెద్ద గిన్నెలకి, డిష్‌లకి ఉన్న గిరాకీ విడి సాసర్లకి ఉండదు. గోటితో అంచంతా తడమండి, పెచ్చు లేచిందంటే ధర బాగా పడిపోతుంది. వేలితో కొడితే మోగాల్సింది బొంగురుగా పలికితే ఎక్కడో సన్న పగులు ఉన్నట్టే. నోట్లు చూసే యూవీ లైటు వేస్తే, అతికి రంగేసిన చోటు చాలాసార్లు వేరేగా మెరుస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అడుగుతున్న రేటు చూసి ఆశపడకండి, నిజంగా అమ్ముడుపోయిన వాటి రేట్లే వెతకండి.

వందేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కింద లెక్కకి రావచ్చు, అలాంటిదాన్ని మనంతట మనం విదేశాలకి పంపడం నేరం. అనుమానం ఉంటే ముందే పురావస్తు శాఖని అడగండి.

ఉంచుకుంటే అద్దాల బీరువాలో పెట్టుకోండి, చింతపండు పులుసు, ఆవకాయ మాత్రం వడ్డించకండి. పాత గ్లేజుల్లో, అంటే పైన మెరిసే పూతల్లో, రంగుల్లో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది.