తిండి బొమ్మల ప్రదర్శన: గోడకెక్కించే ముందు జాగ్రత్తలు

పూతరేకులు వేసినా, పులస పులుసు వేసినా కోనసీమలో బొమ్మకి మొదటి శత్రువు చెమ్మ. ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. తడిగా తగిలినా, సున్నం పొడి రాలినా ఆ గోడ వద్దు. తప్పదంటే ఫ్రేము వెనక నాలుగు మూలలా అరంగుళం బెండు ముక్కలు అంటించండి. గాలి ఆడకపోతే కాన్వాసు వెనక బూజు పడుతుంది.

☐ నీటిరంగుల బొమ్మకీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు (అద్దం తగలకుండా బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) ఉందా? లేకపోతే కాగితం అద్దానికి అతుక్కుని, తీసేటప్పుడు రంగు ఊడొస్తుంది.

☐ మందంగా పూసిన ఆయిల్ పెయింటింగ్ లోపలిదాకా ఆరడానికి ఆరు నెలలైనా పడుతుంది. గోరు ఆనిస్తే దిగుతోందంటే పచ్చిదే, నిర్మొహమాటంగా వెనక్కి పంపండి.

☐ ఆక్రిలిక్ రంగులతో వేసిన బొమ్మల్ని ఎండవేళ ఆటోలో ఒకదానిమీదొకటి పేర్చొద్దు. వేడికి రంగు మెత్తబడి అంటుకుంటుంది. బబుల్ షీటు నేరుగా చుడితే బుడగల అచ్చు దిగుతుంది, కింద బటర్ పేపరు వెయ్యండి.

☐ ఫ్రేముకి రెండు కొక్కేలు. బొమ్మ నడిమధ్య నేలకి సుమారు 5 అడుగుల ఎత్తున ఉండాలి.

☐ బియ్యం, పప్పులు అంటించిన బొమ్మల్ని విడిగా పెట్టండి, పురుగు పడుతుంది.

☐ రుచి చూపించే బల్ల గుమ్మం బయటే, పక్కనే చేతులు కడిగే నీళ్లు. పూతరేకు తిన్న నేతి వేళ్లు సరాసరి బొమ్మ మీదికే వెళ్తాయి, బెల్లం పొడికి చీమలు సరేసరి.